వంతు

సూరత్ నగరమున ఉదయము ఏడు గంటల వేళ వీధులలో రెండు జనప్రవాహములు ఎదురెదురుగా సాగుచుండును. ఒక ప్రవాహము మగ్గపు షెడ్ల వైపు పోవును. రెండవది షెడ్ల నుండి వెలువడి వచ్చును. పోవువారి చేతులలో టిఫిను డబ్బాలు బరువుగా వ్రేలాడును; వచ్చువారి డబ్బాలు ఖాళీగా మ్రోగును. పోవువారికి అది తెల్లవారుట. వచ్చువారికి అదియే ప్రొద్దు గ్రుంకుట. ఉధ్నా, లింబాయత్, పాండేసరా ప్రాంతములలో మరమగ్గములు రాత్రింబవళ్ళు ఆడుచుండును. వాని వెంట మనుష్యులు పన్నెండేసి గంటల చొప్పున మారుచుందురు. ఈ మార్పును ఆ ఊరివారు పాళీ అందురు. గుజరాతీ భాషలో ఆ మాటకు వంతు అని అర్థము.

కుటుంబమును ఊరిలో విడిచి వచ్చిన పనివారు పలువురు కలిసి ఒకే గదిలో కాపురముందురు. అట్టి గదులలో పడకకును పాళీ కలదు. రాత్రి పని ముగించి వచ్చినవాడు మేను వాల్చువేళకు, పగటి పనికి లేచిపోయినవాని పడక ఇంకను వెచ్చగా ఉండును. ఆ ఊరిలో మగ్గము చల్లారదు, పడకయు చల్లారదు.

ఈ రెండు ప్రవాహములలో దేనికిని చెందక, ఆ వేళకే లింబాయత్ నుండి ఒక మనుష్యుడు ప్రతిదినము బయలుదేరుచుండును. అతని తండ్రి మగ్గము నడిపినవాడు. వారిది వరంగల్లు దగ్గరి పల్లె, కులవృత్తి నేత. చేనేతకు గిరాకి తగ్గినది. 1934లో వరంగల్లున వెలసి ఎందరికో అన్నము పెట్టిన ఆజంజాహి మిల్లు వంటి పెద్ద మిల్లు సైతము క్షీణించి, తుదకు మూతపడినది. నేర్చిన విద్యకు సొంత ఊరిలో పని లేనప్పుడు, పని ఉన్న ఊరు వెదకుకొనుచు పోవుట నేతవానికి క్రొత్త కాదు. కొందరు షోలాపురము పోయిరి, కొందరు భివండి పోయిరి, కొందరు సూరత్ చేరిరి. అట్లు చేరినవారిలో ఆ తండ్రి ఒకడు.

కొడుకు మగ్గము వద్దకు పోలేదు. నగరపాలిక నడుపు తెలుగు మాధ్యమ పాఠశాలలో చదువుకొనెను. తెలుగు, గుజరాతీ, హిందీ వ్రాయగలడు, ఇంగ్లీషు చదువగలడు. అందుచేత ఒక రవాణా సంస్థ గోదాములో బుకింగు గుమాస్తా అయ్యెను. తండ్రికి అది గొప్ప సంతోషము. చెవులు గింగురుమనని కొలువు, కూర్చుండి చేయు కొలువు, వేళకు ఇల్లు చేరు కొలువు అని ఆయన తలచెను. ఈ మూడింటిలో మొదటి రెండు నిజమైనవి.

అతని పని చెప్పుటకు సులభము. రింగు రోడ్డు మీది బట్టల మార్కెట్ల నుండి టెంపోలలో మూటలు వచ్చును. వానిని దింపించి, లెక్క చూచి, మూట మూటకును గుర్తు వేయించి, బిల్టీ వ్రాసి, ఊరి వారీగా వేరుచేసి లారీల కెక్కింపవలెను. అతని పాలబడినవి తెలుగు ఊళ్ళు: హైదరాబాదు, వరంగల్లు, విజయవాడ, గుంటూరు, రాజమహేంద్రవరము. విజయవాడ వస్త్రలతలోని అంగడికి పోవలసిన మూట రాజమహేంద్రవరపు తాడితోటకు పోయినచో ఆ తప్పు అతనిదే. శ్రావణమాసము వచ్చుచున్నదని అతనికి పంచాంగము చెప్పనక్కరలేదు. అంతకు నెల దినముల ముందే మూటల మీది ఊళ్ళ పేర్లు చెప్పును. వరలక్ష్మీ వ్రతము, దసరా, దీపావళి, సంక్రాంతి, ఆ పిదప పెండ్లి ముహూర్తములు! తెలుగునాట ఎందరో ఇల్లాండ్రు పండుగకు కట్టు చీర, పండుగకు చాల ముందుగా అతని చేతి మీదుగా పోవును. పండుగ మాత్రము అతని చేతికి చిక్కదు.

ఒక చీర ఎన్ని చేతులు దాటి అతని యొద్దకు వచ్చునో లెక్కించుట కష్టము. పాలిస్టరు దారమునకు మెలిపెట్టువారు వేరు, నేయువారు వేరు. నేసిన ముడిగుడ్డ రంగుల మిల్లులకు పోవును. అద్దకము ముగిసి, ఆవిరి పట్టి, మార్కెటునకు వచ్చును. అక్కడి నుండి అంచుపనికి, కుట్టుపనికి ఇండ్లలోనికి పోవును. మరల వచ్చి మడత పడి, అట్టపెట్టె లోని కెక్కి, మూటయై గోదాము చేరును. దీని నంతటిని నేటి వ్యాపారపు పరిభాషలో సరఫరా గొలుసు అందురు. మాట చక్కనిదే. కాని తెలుగులో గొలుసు అను మాట మెడలోని నగకును చెల్లును, కాళ్ళకు వేసిన కట్టునకును చెల్లును. ఏ అర్థము తోచునో అది చూచువాడు నిలిచిన తావును బట్టి యుండును.

సరుకునకు లెక్క కలదు. 2018 ఏప్రిలు 1వ తేది నుండి, యాభైవేల రూపాయలకు మించిన సరుకు రాష్ట్రము దాటవలెనన్న దాని వెంట ఈ-వే బిల్లు ఉండవలెను. ఆ బిల్లునకు గడువు కలదు. 2021 నుండి ఆ గడువును 200 కిలోమీటర్లకు ఒక దినము చొప్పున కట్టుచున్నారు. సూరత్ నుండి విజయవాడ సుమారు 1200 కిలోమీటర్లు. అనగా లారీ ఆరు దినములు తీసికొనినను తప్పు లేదని సర్కారు ఒప్పుకొనినట్లే. దారిలో టైరు పగులుననియు, వాన వచ్చుననియు, డ్రైవరు నిద్రించుననియు ఆ లెక్కలో చోటు విడువబడినది. బిల్లు వ్రాసిన గుమాస్తా దినమునకు మాత్రము అట్టి చోటు ఎవరును విడువలేదు.

అతని దినము గోదాము తాళముతో ముగియదు. రాత్రి పదకొండు గంటలకు మార్కెటు నుండి ఫోను: మూట బయలుదేరినదా? ఒంటిగంటకు డ్రైవరు ఫోను: బండి ఆపినారు, కాగితము మీది సంఖ్య బండి సంఖ్యతో కలియుట లేదు. తెల్లవారుజామున విజయవాడ నుండి ఫోను: రావలసినవి పండ్రెండు, వచ్చినవి పదకొండు. ఇరువది దినముల క్రిందట పంపిన మూట ఏ రాత్రి ఏ టోలుగేటు దాటినదో అతడు పుస్తకము చూడకుండ చెప్పగలడు. తన కుమార్తె ఏ తరగతిలో ఏ బల్ల మీద కూర్చుండునో చెప్పవలెనన్న భార్య ముఖము చూచును.

సరుకులు మోయుట ఈ నగరమునకు నిన్నటి విద్య కాదు. తాపీ నది ఒడ్డున సూరత్ మొగలాయీల కాలమున మహా రేవుపట్టణము. మక్కా యాత్రికులు ఇక్కడనే ఓడ లెక్కెడివారు. ఆంగ్లేయుల వర్తకశాల మచిలీపట్నమున 1611లోను, సూరత్‌లో 1613లోను వెలసినది. తూర్పు కడలి నుండి గోల్కొండ మీదుగా పడమటి కడలి వరకు సరుకు నడచిన ఆ దారి పురాతనమైనది. ఫ్రాన్సు దేశపు రత్నవర్తకుడు తావెర్నియే పదునేడవ శతాబ్దమున ఆ దారిని నడచి, సూరత్ నుండి గోల్కొండకు మజిలీల పట్టీ వ్రాసి పెట్టెను. 1676లో అచ్చయిన ఆ యాత్రాగ్రంథములో అతడు ఎద్దుల బిడారులను వర్ణించును. ఒక్కొక్క బిడారులో పదివేలు, పండ్రెండువేలు ఎద్దులు ధాన్యమును, ఉప్పును మోయుచు నడచుచుండెనట. ఇరుకు దారిలో అవి ఎదురైనచో బాటసారి అవి దాటిపోవు వరకు రెండు మూడు దినములు నిలిచి యుండవలసినదేనట.

ఆ ఎద్దులను తోలినవారు బంజారాలు. తెలుగువా రెరిగిన లంబాడీలు. వారు ఇండ్లలో కాపురముండరనియు, ఆలుబిడ్డలను వెంటబెట్టుకొనియే తిరుగుదురనియు ఆ యాత్రికుడు వ్రాసెను. ఈ ఒక్క సంగతి యొద్ద నేటి పాఠకుడు కొంతసేపు ఆగవలసి యున్నది. ఆ కాలమును స్వర్ణయుగ మనుకొనుటకు వీలులేదు. ఎండకు వానకు గుడారమే దిక్కు, దొంగల భయము, కరవు వచ్చినచో ఎద్దులతో పాటు మనుష్యులును రాలిపోయెడివారు. అయినను సరుకు ఎచట రాత్రి నిలిచెనో, అచటనే పొయ్యి వెలిగెడిది. అచటనే బిడ్డ నిద్రించెడిది. సరుకు నడచిన దూరము ఇంటిని దూరము చేయలేదు. నేటి సరుకు పదిమడుగుల వేగముతో నడచుచున్నది. దానిని నడపువాడు మాత్రము, నాలుగు వీధుల అవతల ఉన్న తన ఇంటికి బంజారాకంటె దూరమైనాడు.

ఓడల సంగతియు ఇట్టిదే. సూరత్ రేవునకు వచ్చు ఓడలు ఋతుపవనములకు లోబడినవి. నైరుతి గాలి విజృంభించిన నెలలలో సువాలీ యొద్ద ఓడ నిలువజాలదు. వర్తకుడు ఎంత త్వరపడినను, నవాబు ఎంత ఆజ్ఞాపించినను సముద్రము వినలేదు. అప్పుడు ఓడలు మరమ్మతు చేసికొనెడివారు, లెక్కలు సరిచూచుకొనెడివారు, పెండ్లిండ్లు చేసికొనెడివారు. ఆ విశ్రాంతిని ఏ యజమానియు దయతో ఇచ్చినది కాదు, వాన ఇచ్చినది. తరువాతి కాలమున వానను జయించితిమి, చీకటిని జయించితిమి, దూరమును జయించితిమి అని మానవుడు సంతోషించెను. కాని వాన చేసిన ఆ పనిని ఎవరైన ఒకరు చేయవలసి యున్నదను మాట మరచెను.

చట్టము ఆ పని చేయుటకు పూనుకొనినది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము కార్మికుని పనికి దినమునకు 9 గంటలు, వారమునకు 48 గంటలు హద్దు పెట్టినది. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టము దినమునకు 8 గంటలు, వారమునకు 48 గంటలు అన్నది. ఆ చట్టములో కార్మికుడనగా ఎవరో చెప్పు చోట డ్రైవరు, కండక్టరు, క్లీనరులతో పాటు బుకింగు గుమాస్తా పేరు కూడ స్పష్టముగ వ్రాసి యున్నది. తన కొలువు పేరు దేశపు శాసనములో అచ్చుపడి యున్నదని ఈ గుమాస్తాకు చాలకాలము తెలియదు. అతడు ఎన్నో కాగితములు చదివెను గాని ఆ కాగితము అతని బల్ల మీదికి రాలేదు. 2025 నవంబరు 21వ తేదిన ఆ పాత చట్టముల స్థానమున నూతన శ్రమ సంహితలు అమలులోనికి వచ్చినవి. దినమునకు 8 గంటల పని, వారమునకు ఒక విశ్రాంతి దినము అను నియమములు అందును కలవు. శాసనములు మారినను ఆ అంకె మారలేదు. గోదాము గడియారమునకు ఆ అంకెతో పరిచయమును కాలేదు.

అయితే గంటలు తగ్గించుటతో కథ ముగియునా? గోదాములో ఖాందేశ్ నుండి వచ్చిన వృద్ధుడైన హమాలీ ఒకడు కలడు. ముప్పది ఏండ్లుగా మూటలు మోయుట చేత అతని భుజము మీద చర్మము కాయ కాచినది. వారమునకు ఒక దినము సెలవు ఉన్న బాగుండునని గుమాస్తా ఒకనాడు అనగా ఆ వృద్ధుడు నవ్వెను. మూటకు ఇంత అని కూలి తీసికొనువానికి సెలవనగా మూట లేని దినము. మూట లేని దినమనగా రొట్టె లేని దినమని అతడు చెప్పెను. మగ్గము మీదివానికిని మీటరుకు ఇంత అని లెక్క. అతడు గంట సేపు నిలిచినచో ఆ గంట అతని కంచములో తగ్గును. కావున విశ్రాంతిని గురించి మాటాడువారు కూలిని గురించి మాటాడక తప్పదు. కూలి లేని సెలవు విశ్రాంతి కాదు, అది భయము.

ఈ సత్యము 2020లో నగరమంతటికిని తెలిసివచ్చినది. ఆ ఏడు మార్చి నెలాఖరున దేశమంతయు మూతపడగా మగ్గములు ఆగినవి, మార్కెట్లకు తాళములు పడినవి. అంతవరకు తీరిక లేదని వాపోయిన లక్షలాది జనులకు అంతులేని తీరిక లభించినది. వారు దానిని అనుభవింపలేదు. ఇండ్లకు పంపుడని ఏప్రిలు నెలలో వలస కార్మికులు సూరత్ వీధులలోనికి వచ్చిరి. ఆ నెలలోనే గుజరాత్ ప్రభుత్వము ఫ్యాక్టరీలలో దినమునకు 12 గంటలు పని చేయించుకొనుటకు అనుమతి నిచ్చుచు, అదనపు గంటలకు రెట్టింపు కూలి అక్కరలేదన్నది. ఆ ఉత్తరువును సుప్రీంకోర్టు 2020 అక్టోబరు 1వ తేదిన కొట్టివేసినది. 1994లో ప్లేగు వచ్చినప్పుడును, 2006లో తాపీ వరద నగరమును ముంచినప్పుడును జనులు ఇట్లే చెదరిరి. ప్రతిసారియు సరుకు ఆగిన తరువాతనే దానిని మోసినవాని ముఖము లోకమునకు కనబడినది. సరుకు కదలగానే ఆ ముఖము మరల మూట వెనుకకు పోయినది.

గుమాస్తా ఇంటిలోనికి పోయి చూచినచో ఈ విషయము ఇంకొక విధముగ కనబడును. అతని భార్య ఇంటిలో ఖాళీగా కూర్చుండునది కాదు. కుట్టుపని అయిన చీరల వెనుక వ్రేలాడు దారములను కత్తిరించు పని లింబాయత్‌లో ఇంటింటను కలదు. చీరకు ఇంత అని కూలి. ఉదయము చీరల కట్ట వచ్చును, సాయంకాలము పోవును. అన్నము ఉడుకునంతలో నాలుగు చీరలు, బిడ్డ పాఠము అప్పగించునంతలో రెండు చీరలు. అన్నపు కుండలో దారపు తునక తేలని దినము అరుదు. తన కొలువునకు హద్దు లేదని గుమాస్తా ఒక రాత్రి విసుగుకొనగా ఆమె కత్తెర ఆపకయే ఇట్లన్నది:

"నీ గోదాముకు పొద్దు గూకినంక తాళమన్న ఏస్తరు. నా పనికి తలుపే లేదు, తాళం ఏడ ఏస్తవయ్యా?"

అతడు బదులు చెప్పలేదు. ఆ దినము నుండి తన అలసటను గురించి మాటాడునప్పుడు ఆమె చేతుల వైపు చూచుట మాత్రము నేర్చుకొనెను.

లింబాయత్‌లోని తెలుగువారు బతుకమ్మను మరువలేదు. తంగేడు పూవు కొరకు అడవికి పోవు వీలు లేని ఊరిలో, అంగడి బంతిపూలు, చామంతులు పేర్చి వీధిలో ఆడుదురు. ఒక ఏడు సద్దుల బతుకమ్మ నాటి సాయంకాలము తొందరగా వచ్చెదనని గుమాస్తా కుమార్తెకు మాట యిచ్చెను. తల్లి పేర్చిన బతుకమ్మను వీధి చివర వరకు అతడే మోసికొని పోవలెనని ఆ పిల్ల కోరిక. దసరా, దీపావళి సరుకు కొండవలె పడియున్న దినములవి. ఆరు గంటలకు అతడు లేవబోవునంతలో ఒక లారీ కాగితములలో తప్పు కనబడినది. అది సరిదిద్దునంతలో మరి రెండు టెంపోలు వచ్చినవి. అతడు ఇల్లు చేరునప్పటికి పదకొండు దాటినది. పాటలు ముగిసినవి, పూలు నీట కలిసినవి, వీధిలో రాలిన రేకులను గాలి ఒక మూలకు చేర్చుచుండెను. అతని వంతు సద్ది గిన్నెలో మూతపెట్టి యున్నది.

పాడైన బిల్టీ కాగితములను అతడు ఇంటికి తెచ్చుచుండును. వాని వెనుక వైపున కుమార్తె లెక్కలు చేసికొనును. ఆ రాత్రి సద్ది గిన్నె ప్రక్కన అట్టి కాగితము ఒకటి యుండెను. ఈ మారు పిల్ల వెనుక వైపున గాక ముందు వైపుననే వ్రాసినది. పంపిన చోటు: గోదాము. చేరవలసిన చోటు: ఇల్లు. సరుకు: బాపు. సంఖ్య: ఒకటి. చేరిన తేది అను గడి మాత్రము ఖాళీగా విడిచినది. ఆమె కోపముతో వ్రాసినది కాదు, ఆటగా వ్రాసినది. తండ్రి వ్రాయునట్లు వ్రాయగలనని చూపుట ఆమె ఉద్దేశము. అక్షరములు గుండ్రముగా ఉన్నవి, గీతలు దాటలేదు. వేలాది బిల్టీలు వ్రాసిన ఆ మనుష్యుడు ఆ ఒక్క బిల్టీని చాలసేపు చదివెను. ఖాళీ గడిలో ఏదైన వ్రాయుటకు కలము తీసి, మరల జేబులో పెట్టుకొనెను.

ఇట్టి రాత్రి తరువాత మనుష్యులు సాధారణముగా రెండు పనులలో ఒకటి చేయుదురు. కొందరు కొలువు విడుతురు. కొందరు మరునాటికి మరచిపోవుదురు. కొలువు విడుచుటకు అతనికి ఆస్తి లేదు. మరచుటకు మనసు రాలేదు. అతడు మగ్గపు షెడ్డును తలచెను. అక్కడ రాత్రి ఏడు గంటలకు ఒకడు మగ్గము విడిచి పోవును. వేరొకడు వచ్చి నిలుచును. మగ్గము ఆగదు, అయినను దాని యెదుట ఒకే మనుష్యుడు నిలువడు. పన్నెండు గంటలు మనుష్యునకు అన్యాయమే. ఐనను ఏడు గంటలకు ఆ నేతగాడు మగ్గమును తన వెంట ఇంటికి తీసికొనిపోడు. గుమాస్తా మాత్రము గోదామును జేబులో పెట్టుకొని ఇంటికి పోవుచున్నాడు. పని ఆగరాదనుట నిజము. కాని పని ఆగరాదనుటయు, ఈ మనుష్యుడు ఆగరాదనుటయు ఒకే మాట కాదు. ఈ రెండింటిని ఒకే మాటగా భ్రమించుట వలననే ఇంత కష్టము వచ్చినది.

గోదాములో గుమాస్తాలు ముగ్గురు. ఒకనిది మహారాష్ట్ర వరుస, ఒకనిది ఉత్తరదేశపు వరుస, ఇతనిది తెలుగు వరుస. ఎవరి ఫోను వారి జేబులో. ఎవరి రాత్రి వారికి లేదు. ఇతడు ఒక ఉపాయము చెప్పెను. రాత్రి ఎనిమిది తరువాత ముగ్గురి ఫోనులకును వచ్చు పిలుపులు ఒక్క ఫోనునకే వచ్చునట్లు చేయవలెను. ఆ ఫోను ఒక్కొక్క రాత్రి ఒక్కొక్కరి యొద్ద ఉండవలెను. ఏ బండి ఎచట ఉన్నదో, ఏ మూటకు ఏ చిక్కు కలదో ఒక పుస్తకములో వ్రాసి ఇంటికి పోవలెను. అట్లయినచో మూడు రాత్రులలో రెండు రాత్రులు ఒక్కొక్కరికి మిగులును.

మొదట తోటివారే ఒప్పుకొనలేదు. తన వరుసలోని వర్తకుల గుట్టు ఇతరులకు తెలియునని ఒకని భయము. తాను లేనిదే పని జరుగునని యజమానికి తెలిసినచో తన కొలువునకే మోసము వచ్చునని మరియొకని భయము. ఈ రెండవ భయము చిన్నది కాదు. ఎడతెగక పనిచేయువాడు తరచుగా పనిని ప్రేమించి చేయుట లేదు; తాను లేకున్నను జరిగిపోవునను భయముచేత చేయుచున్నాడు. యజమాని వాదము వేరు. వర్తకునికి తెలిసిన గొంతు వినబడవలెను, లేనిచో బేరము వేరొక గోదామునకు పోవునని ఆయన అన్నాడు. ఆయన చెడ్డవాడు కాడు. ఆయనకును రాత్రి నిద్ర లేదు. తుదకు ఒక నెల చూతమని ఒప్పుకొనెను.

తన వంతు కాని మొదటి రాత్రి గుమాస్తాకు నిద్ర పట్టలేదు. ఒంటిగంటకు ఉలికిపడి లేచి దిండు క్రింద తడవెను, ఫోను లేదు. మ్రోగని ఫోనును వినుచు తెల్లవారు వరకు పడియుండెను. విశ్రాంతియు అభ్యాసము చేయవలసిన విద్యయే అని అతనికి అప్పుడు తెలిసినది. ఉదయము గోదామునకు పోయి పుస్తకము విప్పెను. రాత్రి రెండు గంటలకు ఒక బండి ఇరుసు విరిగి దారిలో నిలిచినది. తోటి గుమాస్తా వేరొక బండిని కుదిర్చి సరుకు మార్పించినాడు. విజయవాడకు కబురు పంపినాడు. వ్రాత వంకరగా ఉన్నది గాని సంగతులన్నియు ఉన్నవి. ఒక్క మూట తప్పిపోలేదు. దాని వలన అతనికి కలిగిన ఉపశమనములో కొంచెము నొప్పియు కలిసి యుండెను. తాను లేకున్నను లోకము నడచుననుట అహంకారమునకు చేదు, ఇంటికి మందు.

ఇది గొప్ప విప్లవము కాదు. పగటి గంటలు తగ్గలేదు. హమాలీకి కూలితో కూడిన సెలవు దినము రాలేదు. అతడు ఇంకను మూటకు ఇంత అనియే మోయుచున్నాడు. చీరల దారములు కత్తిరించు చేతులకు వేళ ఏర్పడలేదు. ఇల్లు చేరిన రాత్రులలో భర్త అన్నము వండుచున్నాడు. ఆ గంటలో ఆమె కత్తెర ప్రక్కన పెట్టి కాళ్ళు చాపుకొని కూర్చుండుచున్నది. అంతే మారినది. ముగ్గురు గుమాస్తాలు తమలో తాము చేసికొనగలిగిన సర్దుబాటు ఇంతవరకే. తక్కినది కూలి నిర్ణయించువారును, శాసనము చేయువారును, దానిని గోదాముల వరకు నడిపింపవలసినవారును చేయవలెను.

సూరత్ నగరమునకు విశ్రాంతి తెలియదనుట కూడ సరికాదు. భోజనము సూరత్‌లో, మరణము కాశిలో అని గుజరాతీల సామెత. ఆదివారపు సాయంకాలములలో కుటుంబములు రోడ్ల ప్రక్కన చాపలు పరచుకొని తినుచు కూర్చుండుట ఆ ఊరి ఆచారము. శరత్ పూర్ణిమ మరునాడు చాందనీ పడవో అను పండుగ. ఆ రాత్రి ఊరు ఊరంతయు వెన్నెలలోనికి వచ్చి ఘారీ అను మిఠాయిని, దానితో కారపు తినుబండారములను ఆరగించును. దీపావళికి మూతపడిన మార్కెట్లు లాభపంచమి నాడు గాని తిరిగి తెరువవు. అన్ని దినములు మార్కెటు మూతపడియున్నను తెలుగునాట ఏ ఇల్లాలును చీర లేక నిలిచిపోలేదు. ఆపదలచినచో ఆపగలమని, ఆపినను దారము తెగదని ఆ నగరము ఏటేట తానే ఋజువు చేయుచున్నది. ఆ తెలివి యజమానికి పండుగగా అందినట్లు పనివానికి రాత్రిగా అందవలెను. అదియే కొరత.

ఆ ఏడు చాందనీ పడవో రాత్రి గుమాస్తా వంతు కాదు. భార్యను, కుమార్తెను వెంటబెట్టుకొని అతడు డుమస్ రోడ్డునకు పోయెను. చాప పరచిరి. ఘారీ నాలుగు ముక్కలు చేసిరి. ఒక ముక్క ఇంటి యొద్ద ఉన్న ముసలి తండ్రికి తీసిపెట్టిరి. రోడ్డు మీద మూటలతో నిండిన టెంపో ఒకటి పోవుచుండగా గుమాస్తా చేయి అలవాటు చొప్పున జేబు వైపు పోయినది. పిల్ల అది చూచినది.

"బాపూ, ఈ రాత్రి బిల్టీలు ఎవరు రాస్తరు?"

"వేరే ఆయన రాస్తడు బిడ్డా. ఇయ్యాల ఆయన వంతు."

"మరి రేపు?"

"రేపు నా వంతు."

పిల్ల కొంతసేపు ఆలోచించి, రేపు అతనికి ఎదురుచూడక నిద్రపోయెదనని చెప్పి, తన ముక్క ముగించి, చాప మీద వెల్లకిల పరుండి చంద్రుని చూడసాగినది.